వ్యాయామం బోర్ కొట్టకుండా ఏం చేస్తున్నారు? వీడియోలు, పాటలు, వాచీలు: మీకు ఏది నిలబడింది?

ఐదో అంతస్తు (మియాపూర్)

అందరికీ నమస్కారం. పోయిన నెల రక్తపరీక్షలో నాకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చిందన్నారు డాక్టర్ గారు. మందులు రాయలేదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఏదో ఒకటి చెయ్యమన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష.

ఒంట్లో ఓపిక బాగానే ఉంది. నా సమస్యల్లా విసుగు. నడక మొదలుపెట్టిన పది నిమిషాలకే ఇంకెంతసేపా అని ఫోన్‌లో టైమ్ చూసుకుంటాను. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం. పొద్దున పిల్లలు స్కూల్ బస్సెక్కాక మీటింగ్ మొదలయ్యేలోపు అరగంట దొరుకుతుంది. మాది ఐదో అంతస్తు కాబట్టి గెంతులు పెడితే కింది ఫ్లాట్ వాళ్లకు ఇబ్బంది. మా అత్తయ్యగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. ఆవిడ కూడా "నువ్వు చేసేటప్పుడు నన్నూ పిలువమ్మా" అంటున్నారు.

యూట్యూబ్‌లో వీడియోలకు లెక్కేలేదు. ఏది పెట్టుకోవాలో వెతకడంలోనే నా అరగంట అయిపోతోంది. నెలలు గడిచినా మీరు మానకుండా చేస్తున్నది ఏమిటో, అందులో వీడియో గానీ పాట గానీ వాచీ గానీ ఎంత సాయపడిందో చెప్పండి. వాచీ కొనాలా వద్దా అన్నది కూడా తేల్చుకోవాలి.

పొద్దున్నే నడక (విజయవాడ)

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా రాఘవయ్య పార్కులో తెల్లవారుజామున కలిసే గుంపు ఒకటుంది. మాలో ఎవరి చేతికీ స్మార్ట్ వాచీ లేదు, చెవుల్లో ఏమీ పెట్టుకోం. రాజకీయాలు, మనవళ్ల చదువులు మాట్లాడుకుంటూ తిరుగుతాం, తర్వాత రాగిజావ తాగి ఇళ్లకు పోతాం. ఒకరోజు నేను కనపడకపోతే "ఏం మాస్టారూ, ఒంట్లో బాగాలేదా?" అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ వస్తుందని తెలుసు కాబట్టే ముసురు పట్టిన రోజు కూడా గొడుగు వేసుకుని వెళ్తాను. ఏ యంత్రమూ నన్ను అలా పిలవదు.

ముందు తోడు వెతుక్కోమ్మా. అంత పెద్ద అపార్ట్‌మెంట్‌లో నీలాంటి వాళ్లు ఇంకొందరు తప్పకుండా ఉంటారు.

ఫిజియో అక్క (రాజమండ్రి)

మాస్టారు గారి మాటతో నేను ఏకీభవిస్తాను. తోడు దొరకని వేళల్లో మాత్రం పాటను మించింది లేదు. దాన్ని సరిగ్గా వాడుకునే పద్ధతి ఒకటుంది, చెబుతాను.

నడక ఒంటికి పట్టాలంటే నిమిషానికి సుమారు 100 అడుగులు పడాలి. పెద్దవాళ్లలో ఓ మోస్తరు శ్రమ అక్కడి నుంచి మొదలవుతుందని నడక మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. మీకు నచ్చిన పాట పెట్టి, దరువుకు కాలు తడుతూ 15 సెకన్లపాటు లెక్కపెట్టండి. వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి. 100 నుంచి 120 మధ్య వస్తే ఆ పాట నడకకు పనికొస్తుంది. దరువుకో అడుగు వేసుకుంటూ పోతే వేగం సంగతి పాటే చూసుకుంటుంది. 80, 90 వచ్చే మెలొడీలను మొదట్లో ఒళ్లు వేడెక్కడానికి, చివర్లో నెమ్మదించడానికి ఉంచుకోండి. శ్రమ సరిపోతోందా అన్నదానికి నేను మా పేషెంట్లకు చెప్పే గుర్తు ఇది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు.

పాటకూ ఒంటికీ ఉన్న ఈ సంబంధాన్ని ఎప్పుడో గమనించారు. న్యూయార్క్‌లో ఆరు రోజుల సైకిల్ పందెం చూసిన లియోనార్డ్ ఐర్స్ అనే ఆయన, బ్యాండు వాయిస్తున్నంతసేపూ పోటీదారులు ఎక్కువ వేగంగా తొక్కారని 1911లోనే రాశారు. మన కాలంలో లండన్ బ్రూనెల్ యూనివర్సిటీకి చెందిన కోస్టాస్ కరాగియోర్గిస్ ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేశారు. తేలికపాటి, ఓ మోస్తరు శ్రమలో పాట వింటుంటే అలసట తక్కువగా తెలుస్తుంది. ఎగశ్వాస వచ్చేంత పరుగులో ఆ ప్రభావం తగ్గిపోతుంది, అప్పుడు ధ్యాసంతా ఊపిరి మీదే ఉంటుంది మరి.

ఇంకో మాట. మీకు అరగంట ఒకేసారి దొరకకపోతే బెంగ పడకండి. షుగర్ గడప మీదున్న పెద్దవయసు వాళ్ల మీద 2013లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం జరిగింది. మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడిచినా రోజంతటి షుగర్ మీద ఒకేసారి ముప్పావుగంట నడిచినంత ఫలితం కనిపించింది. రాత్రి భోజనం తర్వాత పెరిగే షుగర్‌కైతే ఇదే మెరుగ్గా పనిచేసింది. రాత్రి తిన్నాక నాలుగు పాటలు పెట్టుకుని కారిడార్‌లో నడవండి.

డల్లాస్ తెలుగోడు

మా ఊళ్లో జూలై, ఆగస్టుల్లో బయట నడవడం మాటలు కాదు. అందుకే అపార్ట్‌మెంట్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పడ్డాను. అది మీరన్న విసుగుకు పుట్టిల్లు. నాకు కలిసొచ్చిన ఉపాయం ఒకటే: ఇష్టమైన సిరీస్‌ను ట్రెడ్‌మిల్ మీద తప్ప ఇంకెక్కడా చూడకూడదని నియమం పెట్టుకున్నా. ఎపిసోడ్ ఉత్కంఠగా ఆగిపోతే, తరువాయి ఏమైందో తెలియాలంటే మర్నాడు జిమ్‌కి వెళ్లాల్సిందే.

తర్వాత తెలిసింది, దీనిమీద ప్రయోగం కూడా చేశారని. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కేటీ మిల్క్‌మన్ బృందం కొంతమందికి ఆసక్తికరమైన ఆడియో పుస్తకాలు ఐపాడ్‌లో ఎక్కించి, ఆ ఐపాడ్‌లు జిమ్‌లోనే ఉంచేసింది. వినాలంటే జిమ్‌కి రావాలి. మొదట్లో వాళ్లు మిగతావాళ్లకన్నా 51 శాతం ఎక్కువ సార్లు జిమ్‌కి వచ్చారు. అయితే వారాలు గడిచేకొద్దీ ఆ ఊపు తగ్గింది, థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత దాదాపు పోయింది. 2014లో అచ్చయింది ఈ పరిశోధన. నాకూ పండగలు, ప్రయాణాలు వచ్చినప్పుడే తాడు తెగుతుంది. కాబట్టి ఊరెళ్లి వచ్చిన మర్నాటి కోసం ఒక కొత్త సిరీస్‌ను ముందే దాచిపెట్టుకోండి. మళ్లీ ఎక్కడానికి అది పనికొస్తుంది.

ఐదో అంతస్తు

డల్లాస్ బ్రదర్, ఈ నియమం నాకు భలే నచ్చింది. నాకు సిరీస్‌ల పిచ్చి లేదు గానీ పాత రేడియో నాటకాలంటే ప్రాణం. చిన్నప్పుడు మా నాన్నతో కూర్చుని వినేదాన్ని. ఇప్పుడు చాలావరకు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. ఇకనుంచి నడిచేటప్పుడే వింటాను. ఫిజియో అక్కా, నాటకానికి దరువుండదు కదా, వేగం ఎలా తెలుసుకోవాలి?

ఫిజియో అక్క

మొదట రెండు పాటలతో అడుగు కుదుర్చుకుని తర్వాత నాటకం పెట్టండి. ఉత్కంఠ ఘట్టాల్లో కాళ్లు నెమ్మదిస్తాయి, అదొక్కటి గమనించుకోండి చాలు.

రెండు చక్రాలు (హైదరాబాద్)

వాచీ సంగతి నేను చెబుతాను, చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి.

వాచీ అడుగున మినుకుమినుకుమనే ఆకుపచ్చ లైటు చూశారా? రక్తం ఆ రంగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంటే, వెనక్కి వచ్చే వెలుతురు కూడా మారుతుంది. దాన్నిబట్టి గుండె వేగం లెక్కగడుతుంది. అందుకే పట్టీ వదులుగా ఉంటే అంకెలు తప్పుతాయి. మణికట్టు ఎముకకు వేలెడు పైన, కదలకుండా కట్టుకోవాలి. చెమటలో రోజంతా అలాగే వదిలేస్తే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. నాకు ఒక కంపెనీ పట్టీతో వచ్చాయి, బట్ట పట్టీ మార్చాక తగ్గాయి.

గుండె వేగాన్ని నమ్మొచ్చు, కేలరీలను నమ్మకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేతికి కట్టుకునే 7 పరికరాలను పరీక్షించారు. వాటిలో 6 గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి. కేలరీల లెక్కలో మాత్రం అన్నింటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నింటికన్నా అధ్వానమైనది 93 శాతం. "300 కేలరీలు కరిగించా" అని వాచీ చెప్పిందని రెండు మైసూర్ బజ్జీలు తింటే లెక్క ఎక్కడికో పోతుంది.

ఇక 10,000 అడుగులు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు అర్థమే "పదివేల అడుగుల మీటరు". ఆ పేరే ప్రపంచమంతా లక్ష్యమై కూర్చుంది. 2019లో అమెరికాలో పెద్దవయసు స్త్రీల మీద ఐ-మిన్ లీ బృందం చేసిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. ఆ తగ్గుదల 7,500 దాకా కొనసాగి అక్కడ ఆగింది. మీ అత్తయ్యగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి మేడమ్. పదివేలు వెయ్యలేకపోతే దండగ అనుకుని మానేసేవాళ్లను నేను చాలామందిని చూశాను.

నాకు మాత్రం సైకిలే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు, పైన సోలార్ కప్పు ఉంటుంది. ఆదివారం అక్కడికి వెళ్తాను. వానాకాలంలో సైకిల్‌ను ఇంట్లో ట్రైనర్ అనే స్టాండు మీద బిగించి, జ్విఫ్ట్ అనే సైక్లింగ్ యాప్ పెట్టుకుంటా. తెర మీద కొండెక్కితే పెడల్ నిజంగానే బరువెక్కుతుంది. ఖర్చు ఎక్కువ, అందుకని అందరికీ చెప్పను. మీ విషయంలో నా సలహా: ముందు జేబులో ఉన్న ఫోన్‌తో అడుగులు లెక్కపెట్టుకోండి. అలవాటు కుదిరాక వాచీ కొనుక్కోండి.

ఓరుగల్లు పిల్ల

అక్కా, నడక ఒక్కటే ఎందుకు? డ్యాన్స్ చెయ్యండి!

నేను హాస్టల్‌లో ఉంటా. సాయంత్రం టీవీ హాల్‌లో వీడియో పెట్టి మా రూమ్మేట్స్‌తో తీన్మార్ కొడతా. ఫోన్ చిన్న తెర మీద చూస్తూ చేస్తే మెడ వంచుకోవాల్సొస్తది, విసుగొస్తది. టీవీకి కనెక్ట్ చెయ్యండి. కొత్త స్టెప్పు నేర్చుకునేటప్పుడు సెట్టింగ్స్‌లో వేగం 0.75కి తగ్గించండి, కాళ్లకు వచ్చాక మామూలు వేగం పెట్టండి. అద్దంలో చూపించినట్టు తిప్పి తీసిన వీడియోలు ఎంచుకోండి, కుడి ఎడమల తికమక ఉండదు. అన్నింటికన్నా ముఖ్యం, వెతుకులాట. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా వీడియోలు ఒక ప్లేలిస్ట్‌లో పెట్టేసుకోండి. పొద్దున లేచి ప్లే నొక్కడమే ఉండాలి. పొద్దున వెతకడం మొదలుపెడితే రీల్స్‌లోకి జారిపోతాం, అరగంట గోవిందా!

కింది ఫ్లాట్ వాళ్ల గురించి: "నో జంపింగ్" అని వెతికితే గెంతుల్లేని వీడియోలు చాలా వస్తాయి. పక్కకు అడుగు, మోకాలు పైకి, చేతులు పైకి. మందంగా ఉండే మ్యాట్ వేసుకోండి. మా పక్క డప్పు మోగితే కాళ్లు ఆగవు, అది ఎక్కడి వీడియోకూ తీసిపోదు. విదేశీ ట్రైనర్ల వీడియోలు బాగుంటాయి, ఒప్పుకుంటా. కానీ తెలిసిన పాటైతే చరణం ఎప్పుడొస్తదో, ఊపు ఎప్పుడొస్తదో ఒంటికి ముందే తెలుస్తది. అప్పుడు కష్టం అనిపించదు.

చెవులు ఖాళీ (తిరుపతి)

అందరూ మంచి విషయాలే చెప్పారు. నేను కొంచెం అడ్డుపడాలి, ఏమీ అనుకోకండి.

రోజంతా తెర ముందు ఉద్యోగం చేసి, వ్యాయామం కూడా తెర ముందేనా? నేను ఉదయం ఒక్క పూటైనా ఏమీ వినకుండా నడవాలనుకుంటాను. దానికి కారణం ఉంది. మా వీధిలో ఒకాయన రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో రోడ్డు దాటుతుంటే వెనక నుంచి వచ్చిన ఆటో హారన్ వినపడలేదు. కాలు విరిగి నెలలపాటు మంచంలో ఉన్నారు. మన రోడ్లకు ఫుట్‌పాత్‌లు ఎక్కడున్నాయి? నడిచేవాడికి చెవులే వెనకవైపు కళ్లు.

పైగా పాట లేకపోతే నడవలేని స్థితి వస్తే ఎలా? ఛార్జింగ్ అయిపోయిన రోజు నడక మానేసేవాళ్లు ఉన్నారు.

ఫిజియో అక్క

రోడ్డు గురించి మీరన్నది అక్షరాలా నిజం. వాహనాలు తిరిగే చోట రెండు చెవులూ మూసుకోకూడదు. ఒకే చెవికి పెట్టుకోండి, లేదా చెవి రంధ్రం మూయకుండా చెంప ఎముక మీద ఆనే రకం వాడండి. వాహనాలు రాని పార్కులోనో, ఇంట్లోనో అయితే ఆ భయం లేదు.

సౌండ్ విషయం కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెల్స్‌కు పెరిగితే ఆ 40 గంటలు 4 గంటలకు పడిపోతాయి. జిమ్‌లో పెద్ద సౌండ్‌ను మించి వినబడాలని ఇయర్‌ఫోన్లు ఇంకా పెంచే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చెవిలో పోయిన కణాలు మళ్లీ రావు. ఫోన్‌లో వాల్యూమ్ 60 శాతం దాటించకండి.

పాట మీద ఆధారపడటం గురించి మాత్రం నా అభిప్రాయం వేరు. అసలు కదలని మనిషి పాట కోసమైనా కదిలితే మంచిదే. పాట లేకుండా నడవగలిగే మీలాంటి వాళ్లకు అది అక్కర్లేదు, అంతే.

సాగరతీరం (విశాఖపట్నం)

మాది ఫ్యామిలీ స్టెప్ గ్రూప్. నేను, మా ఆవిడ ఆర్కే బీచ్‌లో, మా అబ్బాయి న్యూజెర్సీలో. ఎవరెన్ని అడుగులు వేశారో యాప్‌లో ఒకరివి ఒకరికి కనిపిస్తాయి. మేం నిద్రలేచేసరికి వాడి రోజు ముగింపుకొస్తుంది. వాడి అంకె చూసి మా ఆవిడ చెప్పులు వేసుకుంటుంది. వాడితో వారానికోసారి మాట్లాడే మాకు రోజూ పలకరింపు దొరికినట్టయింది. మాస్టారు గారన్న తోడు ఇలా కూడా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఈ యాప్‌లు "వరుసగా ఇన్ని రోజులు" అని లెక్క చూపిస్తాయి. ఆ వరుస తెగకూడదని మా ఆవిడ జ్వరంతో కూడా హాల్లో తిరిగింది. అది చూశాక వరుస లెక్క కనిపించకుండా ఆపేశాం. అడుగుల లెక్క ఉంటే చాలు.

ఆటల మోజు గురించి కూడా చెప్పాలి. 2016లో పోకిమాన్ గో వచ్చినప్పుడు మా అబ్బాయి ఊరంతా తిరిగేవాడు, మేం సంబరపడ్డాం. అమెరికాలో యువత మీద చేసిన అధ్యయనం ఆ ఏడే బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆట పెట్టుకున్న మొదటి వారంలో రోజుకు సగటున 955 అడుగులు పెరిగాయి, ఆరో వారానికల్లా పాత లెక్కకే వచ్చేశాయి. మా ఇంట్లోనూ అంతే. కొత్తది కొన్నాళ్లే లాగుతుంది. కాబట్టి ఖరీదైన పరికరం ఒక్కటి కొని దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఖర్చులేనివి రెండు మూడు మార్చి మార్చి వాడుకోండి.

కోలాటం బృందం (కోనసీమ)

ఇన్ని మాటల్లో కోలాటం ఎవరూ ఎత్తలేదేమిటండీ!

మా ఊళ్లో రామాలయం ముందు సాయంత్రం పనులన్నీ అయ్యాక ఆడవాళ్లం కలుస్తాం. ఇరవై ఏళ్ల పిల్ల నుంచి అరవై దాటిన పెద్దమ్మల దాకా ఉన్నాం. బ్లూటూత్ స్పీకర్‌లో పాట పెట్టి గురువుగారు కోపులు (అడుగుల వరుసలు) నేర్పుతారు. పాట నిదానంగా మొదలై వేగం పుంజుకుంటుంది. వంగడం, తిరగడం, చేతులు పైకెత్తి పక్కవాళ్ల కర్రకు తాళం తప్పకుండా కొట్టడం. గంట ఆడితే జాకెట్లు తడిసిపోతాయి. ధ్యాస పక్కకు పోతే కర్ర తప్పుతుంది కాబట్టి టైమ్ ఎంతయిందని చూసే తీరికే ఉండదు. గురువుగారు రాని రోజున వేరే ఊరి బృందాల వీడియోలు టీవీలో పెట్టుకుని వాళ్ల కోపులు పట్టుకుంటాం. మేం ఆడింది ఫోన్‌లో తీసి చూసుకుంటే ఎవరి అడుగు ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మధ్యలో కుర్చీలో కూర్చుని చేతులతో కర్రలు వేస్తారు. ఐదో అంతస్తు గారూ, మీ అత్తయ్యగారికి తప్పకుండా నచ్చుతుంది.

ఐదో అంతస్తు

ఇన్నాళ్లు సందడి లేదని అనుకోకండి, మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేసి చూస్తున్నాను.

పొద్దున అరగంట నడకకు రేడియో నాటకం కుదిరింది. టైమ్ చూసుకోవడం మానేశాను, నాటకం ఎక్కడిదాకా వచ్చిందన్నదే చూస్తున్నాను. రాత్రి తిన్నాక కారిడార్‌లో పాటలు పెట్టుకుని తిరుగుతుంటే ఎదురు ఫ్లాట్ ఆవిడ "నేనూ రానా?" అని వచ్చారు. మాస్టారు గారూ, మీరన్నట్టే అయింది. ఆవిడ ఉన్న రోజు పాటలు పెట్టం, కబుర్లే. వాచీ నేను కొనలేదు గానీ మా ఆయన అత్తయ్యగారికి ఒకటి తెచ్చారు.

దాని గురించే అడగాలి. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని చేసే వీడియో ఒకటి పట్టుకున్నారు. చెమట పడుతోంది, ఆయాసం కూడా కొంచెం వస్తోంది. వాచీ మాత్రం గుండె వేగం 85 దాటలేదని, వ్యాయామం చాల్లేదని అంటోంది. ఆవిడ ఇంకా గట్టిగా చెయ్యబోతున్నారు. బీపీకి మెటోప్రొలాల్ వాడతారు.

ఫిజియో అక్క

ఆపండి, ఇంకా గట్టిగా చెయ్యనివ్వకండి! మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అది వాటి పని. వాచీకి ఆ సంగతి తెలియదు, చాలావరకు 220లోంచి వయసు తీసేసి ఆ లెక్కతోనే చూస్తుంది. ఆ మందు వాడేవాళ్లు వాచీ చూపించే గుండె అంకెను లక్ష్యంగా పెట్టుకోకూడదు. మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలత. మాట తడబడినా, ఛాతీలో బిగుతుగా ఉన్నా, తల తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వాచీలో అంకె పెరగాలని మాత్రలు మానేసే పని ఎప్పుడూ చెయ్యనివ్వకండి.

ఆవిడకు ఇంకొకటి కలపండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మోకాలు ఒప్పుకున్నన్ని సార్లు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు తూలకుండా నిలబడే వ్యాయామాలు, కండ బలం పెంచేవి చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో ఉంది. పక్కన గోడో, బరువైన బల్లో ఉండాలి.

ఓరుగల్లు పిల్ల

అత్తమ్మకు బతుకమ్మ పాటలు పెట్టండక్కా. చప్పట్లు కొట్టుకుంటూ, కొంచెం వంగి లేస్తూ నిదానంగా తిరగొచ్చు. పాట పొడుగ్గా ఉంటది కాబట్టి మాటిమాటికీ మార్చే పని కూడా లేదు.

పొద్దున్నే నడక

కోలాటం బృందం వారికి: మా పార్కులో నడకకు వచ్చే ఆడవాళ్లకు మీ పోస్టు చదివి వినిపించాను. వాళ్లంతా నేర్చుకుంటామని పట్టుబడుతున్నారు. కర్రలు ఎక్కడ దొరుకుతాయి, గురువు దొరికేదాకా దేనితో మొదలుపెట్టాలి?

కోలాటం బృందం

పూజాసామాన్ల కొట్లలో అడగండి మాస్టారూ, తిరునాళ్లలోనూ అమ్ముతారు. మొదటి వారం కర్రలు వద్దు. నిదానమైన భజన పాట పెట్టి గుండ్రంగా నిలబడి, చప్పట్లతో అడుగు కలపమనండి. అందరి అడుగూ ఒకేసారి పడటం వచ్చాక కర్రలు చేతికివ్వండి. మొదటిరోజే కర్రలిస్తే వేళ్లకు దెబ్బలు తగులుతాయి. మేం మొదట్లో నేర్చుకున్న రెండు కోపులను నెమ్మదిగా ఆడి, వీడియో తీసి ఆదివారం ఇక్కడ పెడతాం.